మధ్యాహ్నం ఒకటో నంబరు

బుధవారం పొద్దున పదింటికి, మూత బిగించిన తెల్ల డబ్బాలో మా చెల్లి రొమ్ము నా బల్ల మీదికి వచ్చింది. డబ్బాకి అతికించిన చీటీ మీద తన పేరు, వయసు, ముందురోజు ఆపరేషన్ జరిగిన సమయం ఉన్నాయి. నేను పనిచేసేది అలాంటి ల్యాబులోనే. మనుషుల ఒంట్లోంచి తీసినవి మా దగ్గరికి వస్తాయి. మేం వాటిని పల్చగా కోసి, గాజు స్లైడు మీద పరిచి, రంగు వేసి డాక్టరమ్మకిస్తాం. ఆవిడ మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో చెబుతుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే నా పని.

"ఇది నువ్వు ముట్టుకోవద్దు," అంది డాక్టరమ్మ. "సాయంత్రం షిఫ్టు అతన్ని ఇప్పుడే రమ్మంటాను."

"ముట్టుకోనండీ. పక్కన నిలబడతాను. అవతల గదిలో కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది."

నా మొండితనం ఆవిడకి కొత్త కాదు. ఇంకో మాట అనకుండా తొడుగులు వేసుకుని కత్తి తీసుకుంది. వేలు మందాన ఒక్కో పొర కోసుకుంటూ వచ్చింది. ఐదో పొరలో గడ్డ కనిపించింది. కనిపించగానే నాకేదో తేడాగా అనిపించింది. చెడ్డ గడ్డయితే కత్తి కింద ఇసుక తగిలినట్టు కరకరమంటుంది, అంచులు చుట్టుపక్కలకి పాకి ఉంటాయి. ఇది తెల్లగా, నున్నగా, ఉడికించిన గుడ్డులాగా పక్కకి జారింది. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"ఇంకోటి ఎక్కడో ఉండాలి," అంది ఆవిడ.

మిగతా పొరలన్నీ కోసింది. ఇంకోటి లేదు. ఎందుకైనా మంచిదని అన్ని చోట్ల నుంచీ ముక్కలు తీసి పెట్టింది. వాటికి స్లైడ్లు తయారై రావడానికి రెండు రోజులు పడుతుంది.

ఆ రెండు రోజులూ నేనెలా ఉన్నానో చెప్పేముందు నా గొప్ప ఒకటి చెప్పుకోవాలి. చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు.

చేసిన పనే మళ్ళీ చేయమంటే నాకు ఒళ్ళు మంట. ఇంట్లో కూడా అంతే, గిన్నె కడిగాక మచ్చ ఉందని ఎవరైనా చూపిస్తే ఆ గిన్నె పారేద్దామనిపిస్తుంది. మా ల్యాబు ముందు గదిలో రిజిస్టరు కంప్యూటర్ ఉంది. అందులో నడిచేది విండోస్ కాదు, లైనక్స్. దాని ముందు కూర్చున్నవాళ్ళకి పొద్దున్నే ఒక తంతు ఉండేది. రిజిస్టరు తెరవాలి, చీటీలు కొట్టే ప్రింటర్ని లేపాలి, ముందురోజు నమోదులన్నీ ఆ తేదీ ఫోల్డర్లోకి సర్దాలి, నంబర్ల లెక్కని మళ్ళీ ఒకటికి తిప్పాలి. మా దగ్గర ఏ రోజు నంబర్లు ఆ రోజు ఒకటితో మొదలవుతాయి. ఎవరో ఒకరు ఏదో ఒకటి మర్చిపోయేవారు. తొడుగుల చేతులతో నేను పరుగెత్తుకెళ్ళి సరిచేసేదాన్ని. ఒకరోజు విసుగెత్తి, ఒక పుస్తకం తెచ్చుకుని చదివి, ఆ తంతు మొత్తాన్నీ నాలుగు ఆజ్ఞలుగా రాసిపడేశాను.

మొదట వాటిని అర్ధరాత్రి పన్నెండింటికి నడవమని పెట్టాను. మర్నాడు చూస్తే ఒక్కటీ నడవలేదు. సాయంత్రం ఏడింటికే కంప్యూటర్ ఆపేసి ఇళ్ళకి పోతాం కదా, పన్నెండింటికి నా ఆజ్ఞలు వినేదెవరు? అప్పుడు ఇంకో దారి దొరికింది. పాస్‌వర్డ్ కొట్టగానే తెర మీద బొమ్మలూ మెనూలూ వస్తాయే, దాన్ని సెషన్ మొదలవడం అంటారు. మన సొంత ఫోల్డర్లోనే, పైకి కనిపించకుండా, ఆటోస్టార్ట్ అని ఒక చోటు ఉంటుంది. అందులో చిన్న ఫైలు పెట్టి ఫలానా ఆజ్ఞ నడపమని రాస్తే, సెషన్ మొదలైన ప్రతిసారీ అది దానంతటదే నడుస్తుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. కంప్యూటర్లో ఏదైనా మార్చగల పెద్ద పాస్‌వర్డ్ ఉన్న సిస్టమ్స్ అతను అమావాస్యకో పున్నానికో వస్తాడు, అతని కాళ్ళు పట్టుకోవాల్సిన పని లేదు. పొద్దున ఒకసారి తెరుస్తాం, సాయంత్రం ఒకసారి మూస్తాం. కాబట్టి సెషన్ మొదలైందంటే కొత్త రోజు మొదలైనట్టే అనుకున్నాను.

ఏడేళ్ళు అలాగే నడిచింది. పాస్‌వర్డ్ కొడితే చాలు, అన్నీ వాటంతటవే తెరుచుకునేవి. అందరూ నన్ను స్విచ్చక్క అనడం మొదలుపెట్టారు. అలా పిలిచినప్పుడల్లా పైకి చిరాకుపడేదాన్ని, లోపల మాత్రం పొంగిపోయేదాన్ని.

ఇక మా చెల్లి. తను దర్జీ. కింద కొట్టు, పైన ఇల్లు. నాకంటే ఆరేళ్ళు చిన్న. అమ్మ పోయాక తనని నేనే పెంచానని నేనంటాను. పెంచలేదు, తరిమిందని తనంటుంది. ఎంత వాదించినా ఆఖరికి నేను చెప్పినట్టే చేస్తుంది. నెలన్నర క్రితం కొలతల టేపు మెడలో వేసుకుంటుంటే రొమ్ములో గట్టిగా ఏదో తగిలిందని ఫోన్ చేసింది. రొమ్ము గడ్డలు చూసే క్లినిక్కు మంగళవారాలే తెరుస్తారు. ఖాళీ లేదంటే, ఆఖర్న చూసినా చాలని బతిమాలాను. పన్నెండింటికల్లా సగం రోజు సెలవు పెట్టి తన వెంట వెళ్ళాను. రెండింటికి సూదితో దారప్పోగుల్లాంటి ముక్కలు తీసి చిన్న సీసాలో వేశారు. సీసా రేపు పంపుతామంటే నేనొప్పుకోలేదు. నేనే సంచిలో పెట్టుకుని మూడింటికి ల్యాబుకి తెచ్చి ముందు గదిలో ఇచ్చాను.

ఆరు రోజుల తర్వాత డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచి తలుపేసింది. అప్పుడే నాకు తెలిసిపోయింది.

సర్జన్ రెండు దారులు చెప్పాడు. గడ్డ వరకే తీసి, కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుని, ఆర్నెల్లకోసారి పరీక్షలు చేయించుకుంటూ ఉండొచ్చు. లేదా మొత్తం తీసేయొచ్చు. చెల్లి ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"ఆర్నెల్లకోసారి ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఎవరు తిరుగుతారు?" అన్నాను. "మళ్ళీ మళ్ళీ ఎందుకు? ఒకేసారి తేల్చేయ్."

"సరే అక్కా," అంది.

ఆ తర్వాత నాలుగో మంగళవారం ఆపరేషన్ అయింది. బుధవారం ఆ డబ్బా నా బల్ల మీదికి వచ్చింది. గురువారం నేను పనిలో రెండు స్లైడ్లు పగలగొట్టాను. శుక్రవారం మధ్యాహ్నం డాక్టరమ్మ ముప్ఫై ఒక్క స్లైడ్లూ చూడటం ముగించి కళ్ళజోడు తీసింది.

"దీంట్లో క్యాన్సర్ లేదు."

"ఇంకా ముక్కలు తీద్దామండీ. ఎక్కడో మూల దాక్కుని ఉంటుంది."

"ఎన్ని తీసినా లేదు. ఉన్నది మామూలు గడ్డ. వదిలేసినా ఏమయ్యేది కాదు."

నేను కూర్చున్నాను. వెనక కుర్చీ ఉందో లేదో చూసుకోలేదు. ఏమయ్యేది కాదు అన్న మాట తలలో గింగురుమంటోంది కానీ దాని అర్థం లోపలికి దిగడం లేదు. సంతోషపడాలా? మా చెల్లికి జబ్బు లేదు. ఒక క్షణం నిజంగానే నవ్వొచ్చింది. ఆ వెంటనే, బుధవారం బల్ల మీద పొరలు పొరలుగా పడి ఉన్నది గుర్తొచ్చింది.

"ఆ సూది పరీక్ష స్లైడ్లు తీసుకురా," అంది డాక్టరమ్మ.

తెచ్చాను. రెండు స్లైడ్లు. రెంటి మీదా ఒకే తేదీ, ఒకే నంబరు, ఒకటి. ఒక మనిషి ముక్కల్ని రెండు క్యాసెట్లలో పెట్టడం మాకు మామూలే. క్యాసెట్ అంటే అగ్గిపెట్టెలో సగం ఉండే జల్లెడ డబ్బీ. ముక్కని అందులో పెట్టి, పక్కన పెన్సిల్‌తో నంబరు వేస్తాం. పెన్ను వాడం, మేం ముంచే మందుల్లో సిరా కరిగిపోతుంది. ఆ తేదీ ఒకటో నంబరుతో రెండు క్యాసెట్లు కనిపించినప్పుడు, చెల్లి ముక్కల్ని సాయంత్రం షిఫ్టు అతను రెండుగా పెట్టాడనుకున్నాను. రెండూ చెల్లివేనని, ముందు చూడమని, నేనే తీసుకెళ్ళి డాక్టరమ్మ చేతికిచ్చాను. ఒకదాంట్లో క్యాన్సర్ స్పష్టంగా ఉంది. రెండోదాంట్లో మామూలు గడ్డ. ఒకే మనిషి రొమ్ములో ఒకచోట చెడు తగిలింది, ఇంకోచోట తగల్లేదు అని ఆవిడ అనుకుంది. అలా జరుగుతూనే ఉంటుంది.

"క్యాసెట్లు కూడా తీయి," అంది.

రెండు క్యాసెట్లూ పక్కపక్కన పెట్టాను. నా ఒకటి కర్రలాగా నిటారుగా ఉంటుంది. సాయంత్రం షిఫ్టు అతను ఒకటి రాస్తే దానికి పైన ముక్కు ఉంటుంది. ఒక క్యాసెట్ మీద ముక్కున్న ఒకటి. ఇంకోదాని మీద కర్ర. క్యాన్సర్ ఉన్నది కర్ర దాంట్లో.

ఆ రోజు నేను పన్నెండింటికి ల్యాబులోంచి బయటపడ్డాను. చెల్లి సీసా వచ్చింది మూడింటికి. ఆ కర్ర ఒకటి నేను పొద్దున రాసింది. ఆ ముక్క మా చెల్లిది కాదు.

"మరి ఎవరిది?" అంది డాక్టరమ్మ. ఆ ప్రశ్న నాకప్పటిదాకా తట్టనే లేదు. నా కళ్ళముందు ఒక్క మా చెల్లే ఉంది.

రిజిస్టరులో వెతికితే ఆ రోజు ఒకటో నంబరు దగ్గర మా చెల్లి పేరు తప్ప ఇంకోటి లేదు. అప్పుడు కాగితాల పెట్టె దించాం. సీసాలతోపాటు వచ్చే కాగితాలు అందులో పడేస్తాం, ఎవరూ మళ్ళీ చూడరు. ఆ తేదీ కట్టలో ఒకటో నంబరు చీటీ అంటించిన కాగితాలు రెండు దొరికాయి. ఒకటి చెల్లిది. రెండోది నలభై ఒక్కేళ్ళ ఆవిడది, బడి బస్సు డ్రైవరు. అదే క్లినిక్కు, అదే మంగళవారం, పొద్దున అందరికంటే ముందు సూది గుచ్చారు. ఆవిడకి మేం ఏ రిపోర్టూ పంపలేదు.

అప్పుడు పరుగెత్తాను ముందు గదికి.

అక్కడ కూర్చునే ఆవిడ మా దగ్గర చేరి నెల దాటింది. పాతికేళ్ళు బ్యాంకులో పనిచేసి వచ్చింది. సొరుగులన్నిటికీ తాళాలేసి తాళాల గుత్తి బొడ్లో దోపుకుంటుందని లాకరమ్మ అని పేరు పెట్టాం. పేరు పెట్టింది కూడా నేనే. ఆవిడని లేపి ఆ కుర్చీలో కూర్చుని, సెషన్లు ఎప్పుడెప్పుడు మొదలయ్యాయో చూపించే ఆజ్ఞ కొట్టాను. ఆ మంగళవారం దగ్గర రెండు వరుసలు వచ్చాయి. ఎనిమిదీ ఐదు. ఒంటిగంటా నలభై.

"ఆ రోజు మధ్యాహ్నం ఏం చేశారు మీరు?" అని అడిగాను. అడగడం కాదు, మీద పడ్డాను.

లాకరమ్మ బిత్తరపోయింది. "ఏ రోజండీ?"

తేదీ చెప్పాను.

"అది నేను చేరిన మొదటి రోజండీ. భోజనానికి లేచాను. లేచేముందు లాగౌట్ చేశాను. బ్యాంకులో కుర్చీ వదిలితే లాగౌట్ చేసి తీరాలి, లేకపోతే మెమో ఇస్తారు. వచ్చాక మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టాను. అన్నీ వాటంతటవే తెరుచుకున్నాయి. బావుందే అనుకున్నాను."

"తర్వాత రోజు నుంచీ మళ్ళీ ఎందుకు చేయలేదు?"

"మీరే కదండీ వద్దన్నారు. మర్నాడు భోజనానికి లేస్తూ మూసేయబోతుంటే వచ్చి కసిరారు. ఇక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంచాలి, ముట్టుకోవద్దు అన్నారు. అప్పట్నుంచి ముట్టుకోలేదు. తప్పు చేశానా అండీ?"

కసిరిన మాట నిజం. కసిరి, నా దారిన నేను పోయాను. నిన్న కూడా ఇలాగే చేశారా అని ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజే, ఆ నిమిషమే దొరికేది. చెల్లి ముక్క అప్పటికింకా మందులోనే నానుతోంది.

డాక్టరమ్మ నా వెనకే వచ్చి నిలబడి ఉంది. "నాకర్థమయ్యేలా చెప్పు," అంది.

చెప్పాను. ఒంటిగంటా నలభైకి సెషన్ కొత్తగా మొదలైంది. నా ఆజ్ఞలు తెల్లారిందనుకున్నాయి. పొద్దున్నుంచి వచ్చిన పదకొండు నమోదుల్నీ ఆ తేదీ ఫోల్డర్లోకి సర్దేశాయి. లెక్కని ఒకటికి తిప్పాయి. మధ్యాహ్నాలు మాకు సీసాలు రావు, అన్నీ పొద్దున్నే వస్తాయి. ఆ రోజు భోజనం తర్వాత వచ్చిన సీసా ఒక్కటే, నేను మోసుకొచ్చింది. దానికి ఒకటో నంబరు పడింది. మర్నాడు పొద్దున సెషన్ మొదలయ్యాక చెల్లి నమోదు కూడా అదే తేదీ ఫోల్డర్లోకి వెళ్ళింది. అక్కడ అప్పటికే ఒకటో నంబరు ఫైలు ఉంది. అదే పేరుతో ఇంకో ఫైలు వస్తే పాతదాన్ని తుడిచేయాలా అని కంప్యూటర్ అడగాలి. అడగొద్దని రాసింది నేను. పొద్దున్నే ప్రశ్నలు వేస్తే నాకు చిరాకు. బస్సు డ్రైవరు పేరు మీద మా చెల్లి పేరు పడి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం ప్రింటర్లోంచి ఒకటి అని చీటీ వచ్చి సీసాకి అంటుకోవడం నేను నా కళ్ళతో చూశాను. మూడింటికి ఒకటో నంబరేమిటని ఇంకే రోజైనా లాకరమ్మ నెత్తిన కూర్చునేదాన్ని. ఆ రోజు చెల్లి బయట బెంచీ మీద ఒక్కతే ఉందన్న ధ్యాస తప్ప నాకింకేమీ లేదు.

"ఇలా జరగొచ్చని నీకు తెలియదు కదా," అంది డాక్టరమ్మ. ఆవిడ నాకో దారి ఇవ్వబోయింది.

"తెలుసండీ."

తెలుసు. అంతకుముందు రెండుసార్లు మధ్యాహ్నం వేళ కంప్యూటర్ బిగుసుకుపోతే ఆపి మళ్ళీ తెరిచాం. రెండుసార్లూ లెక్క ఒకటికి పోయింది. రెండుసార్లూ నేనే చూసుకుని చేత్తో సరిచేశాను. తేదీ మారితేనే ఈ పని చెయ్, లేకపోతే ఊరుకో అని ఒక్క వరుస రాస్తే సరిపోయేది. రేపు రాద్దాంలే అనుకున్నాను. అలా అనుకుని నాలుగేళ్ళయింది.

డాక్టరమ్మ తిట్టలేదు. గోడకి చేరగిలబడి కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత బస్సు డ్రైవరు నంబరు అందుకుని ఫోన్ దగ్గరికి వెళ్ళింది.

సాయంత్రం మేనేజరు నన్ను పిలిచాడు. "కొత్తావిడ అడక్కుండా లాగౌట్ చేసింది, దానివల్ల జరిగింది, అని రాసేద్దాం. నువ్వు పాతదానివి, నీ పేరెందుకు మధ్యలో," అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక నిమిషం ఆ మాట నాకు చల్లగా ఉంది. గాజు తలుపు అవతల లాకరమ్మ కుర్చీ అంచున కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. పాతికేళ్ళు ఒక్క మెమో కూడా తీసుకోని మనిషి. కాగితం తీసుకుని జరిగింది జరిగినట్టు నేనే రాసి, కింద సంతకం పెట్టాను. ఇకమీదట నువ్వు బల్ల దగ్గరికి రావద్దని సోమవారం నాకు చెప్పబోతున్నారు. ఆ సంగతి నాకప్పుడు తెలియదు, తెలిసినా పెద్దగా పట్టించుకునేదాన్ని కాదేమో.

శనివారం పొద్దున బస్సు డ్రైవరు వచ్చింది. పిల్లల్ని బడి దగ్గర దింపేసి, యూనిఫాంలోనే తిన్నగా వచ్చేసింది. పొడవాటి మనిషి, నవ్వుమొహం. "చెడు ఉంటే మీరే ఫోన్ చేస్తారులే అనుకున్నానండీ. నెల దాటినా చేయలేదు కాబట్టి బాగానే ఉన్నానని మా ఇంట్లో స్వీట్లు కూడా పంచేశాను," అంది కూర్చుంటూ. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. డాక్టరమ్మ ఏమీ దాచకుండా చెప్పింది. బస్సు డ్రైవరు మొహంలో నవ్వు వెంటనే పోలేదు, కాసేపు అలాగే మిగిలిపోయింది. నాకు దాన్ని చూసే ఎక్కువ భయం వేసింది.

"అయితే నెల పోయినట్టేనా?" అని అడిగింది ఆఖరికి.

"నెల పోయింది. ఇవాళే మొదలుపెడదాం," అంది డాక్టరమ్మ.

ఆవిడని సర్జన్ దగ్గరికి పంపాక డాక్టరమ్మ నాతో అంది. "మీ చెల్లిని ఆయనే సోమవారం పిలిపించి చెబుతారు. నువ్వు ముందే చెప్పాలని ఏమీ లేదు. రెండు రోజులు ఇంట్లో ఉండు."

నేను తిన్నగా చెల్లి ఇంటికి వెళ్ళాను.

కింద కొట్టు షట్టర్ సగం దించి ఉంది. పైన ముందు గదిలో, కిటికీ పక్కన, దిండు ఆనుకుని కూర్చుని ఏదో కుడుతోంది. కుడిచెయ్యి దిండు మీద ఆనించి, మణికట్టు మాత్రం కదిలిస్తోంది. మరిది మందులకి వెళ్ళాడట. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"రా అక్కా. ఇది చూడు," అని ఒళ్ళోది ఎత్తి చూపించింది. లోపల దూది కుక్కిన గుండ్రటి మెత్త. తన లోదుస్తుల్లో పెట్టుకోవడానికి తనే కొలత తీసుకుని కుట్టుకుంటోంది. "కొనేవి నాసిరకానివి, ఒకవైపు జారిపోతాయి. నేను కుట్టింది ఎవరూ కనిపెట్టలేరు. రేపు నా దగ్గరికి ఇలాంటివాళ్ళు వస్తే వాళ్ళకీ కుట్టి ఇస్తాను. ఏమంటావ్?"

నేను ఆ మెత్తని చేతిలోకి తీసుకుని, చూసి, తిరిగి ఇచ్చాను.

"భయపడతానేమో అనుకున్నాను," అంది మెల్లగా, మెత్త అంచు మడుస్తూ. "నిన్న కట్టు మార్చేటప్పుడు అద్దం తెమ్మని చూసుకున్నాను. ఏడుపు రాలేదు. ఇది ఇచ్చి ప్రాణం కొనుక్కున్నానులే అనిపించింది. నువ్వన్నట్టు ఒకేసారి తేలిపోయింది."

తన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఏది ముందు చెప్పాలో తెలియక, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"నీకు క్యాన్సర్ లేదు."

"తీసేశారుగా."

"అది కాదు. తీసినదాంట్లో లేదు. ముందునుంచీ లేదు."

సూది ఆగింది. "ముందునుంచీ అంటే?"

"ఎప్పుడూ లేదు. అది ఇంకొకావిడది. నంబర్లు కలిసిపోయాయి."

మొదట తన మొహంలో వచ్చింది సంతోషమే. కళ్ళు పెద్దవై, పెదాలు విడివడి, చిన్నప్పుడు పరీక్ష పాసైనప్పుడు ఎలా చూసేదో అలా చూసింది. తర్వాత ఎడమచెయ్యి దానంతటదే కట్టు మీదికి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగింది. నా కళ్ళముందే ఆ సంతోషం ఆరిపోయింది. ఆ క్షణంలో నేను చచ్చిపోయినా బావుండేది అనిపించింది.

"ఎలా కలిసిపోయాయి?" అంది.

చెప్పాను. సెషన్ అనీ ఆటోస్టార్ట్ అనీ ఏమీ దాచకుండా, తనకి అర్థమయ్యే మాటల్లో. పొద్దున ఒక్కసారే నడవాల్సినది మధ్యాహ్నం మళ్ళీ నడిచిందని. ఆ కంప్యూటర్ మీద కూర్చున్నావిడ తప్పేమీ లేదని.

"మరి అలా నడిచేలా పెట్టిందెవరు?"

"నేనే."

"నీకు తెలియక పెట్టావు."

"తెలుసు. రెండుసార్లు చూశాను. సరిచేయలేదు."

తను తల వంచుకుంది. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. ఏదైనా పడటానికి సిద్ధపడి వచ్చాను. తను మెత్తని ఒళ్ళో తిప్పుతూ కూర్చుంది. కింద వీధిలో ఎవరో షట్టర్ తట్టి, జవాబు లేకపోయేసరికి వెళ్ళిపోయారు.

"ఆవిడ తప్పని చెప్పొచ్చుగా అక్కా," అంది. "నేను నమ్మేదాన్ని. ముక్కూమొహం తెలియని మనిషిని తిట్టుకుంటూ ఎలాగో గడిపేసేదాన్ని. కష్టమొచ్చినప్పుడల్లా నాకు నువ్వున్నావనుకునేదాన్ని. ఇప్పుడు అది కూడా లేకుండా చేశావు."

తను మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. దారం గట్టిగా లాగింది, తెగిపోయింది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి పిలిచింది.

"సూదిలోకి దారం ఎక్కించి వెళ్ళు. నా చెయ్యి ఇంకా పైకి లేవట్లేదు."

వెనక్కి వచ్చి సూది తీసుకున్నాను. వెంట్రుకకంటే సన్నటి పొరలు కోసే చేతులు నావి. నాలుగుసార్లు తప్పింది. తను తొందరపెట్టలేదు, చెయ్యి చాచి ఎదురుచూస్తూ కూర్చుంది. ఐదోసారి ఎక్కింది. ఇచ్చాను. నా మొహం చూడకుండా అందుకుంది.